తాళంచెవుల పెద్దమనిషికి ఎంతివ్వాలి?

మొన్న మన సంఘం పిక్నిక్కులో పులిహోర కంటే ప్రయాణాల కబుర్లే ఎక్కువ ఖర్చయ్యాయి. ఒకరు రోమ్ వెళ్ళొచ్చారు, ఇంకొకరు క్యోటో, మరొకరు ఇండియా నుంచి వచ్చిన అత్తమామలకు లండన్ చూపించి తీసుకొచ్చారు. అందరి కథల్లోనూ ఒక ఘట్టం మాత్రం తప్పకుండా ఉంది. హోటల్ బయట ఫుట్‌పాత్ మీద కుటుంబమంతా నిలబడి, ఫోన్లో పటం చూస్తూ, కుడికా ఎడమకా అని వాదించుకోవడం. లోపల పాతిక అడుగుల దూరంలో ఆ ఊరి గురించి సమస్తం తెలిసిన మనిషి ఒక బల్ల వెనక ఖాళీగానే నిలబడి ఉంటాడు. ఆయన్ని అడక్కపోయారా అంటే ఒకటే జవాబు: "అమ్మో, ఆయన దగ్గరకి వెళ్తే ఎంతివ్వాలో ఏమో!"

ఇది విన్న మన సంపాదకులు నన్ను పక్కకి పిలిచి, "డాక్టరు గారూ, మీరు ఊళ్ళు బాగా తిరుగుతారు, దీనిమీద నాలుగు పేజీలు రాసిపెట్టండి" అన్నారు. నేను మీటింగుల పేరుతో తిరిగేదే తప్ప యాత్రికుణ్ణి కాను. అయినా ఈ విషయంలో చెప్పవలసింది కొంత ఉంది. అందులో సగం మా నాన్నగారి వాటా.

ఆ బల్ల వెనకాయన్ని కాన్సియర్జ్ అంటారు. ఫ్రెంచి మాట. లాటిన్లో 'తోటి సేవకుడు' అనే అర్థమున్న పదం నుంచి వచ్చిందని కొందరంటారు, కొవ్వొత్తులు చూసుకునేవాడని మరికొందరంటారు. పారిస్‌లో సెయిన్ నది ఒడ్డున కాన్సియర్జరీ అనే పాత రాజభవనం ఉంది. రాజుగారి తరఫున భవనం బాగోగులు చూసే అధికారి పేరు మీదుగా దానికా పేరు వచ్చింది. తరవాత అదే జైలయింది. 1793 ఆగస్టు నుంచి అక్టోబరులో గిలటిన్ ఎక్కించేదాకా మారీ ఆంటోనెట్ రాణిని ఉంచింది అక్కడే. ఆ తరవాతి కాలంలో పారిస్ అపార్ట్‌మెంటు ఇళ్ళ గుమ్మం దగ్గర కాపురముండి, ఉత్తరాలు అందిస్తూ, వచ్చేపోయేవాళ్ళని కనిపెట్టే మనిషికీ ఆ పేరే స్థిరపడింది. హోటళ్ళలోకి వచ్చిన కాన్సియర్జ్ ఈ వంశంవాడే అన్నమాట.

కొందరి కోటు కాలర్ల మీద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు బంగారు తాళంచెవుల బొమ్మ ఉంటుంది. అది హోటల్ వారిచ్చే అలంకారం కాదు. 1929లో పారిస్‌లో కొందరు కాన్సియర్జ్‌లు తమలో తాము సహాయం చేసుకోవడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. 1952లో కాన్ పట్టణంలో యూరపు దేశాలవాళ్ళందరూ కలిశారు. 1978లో అమెరికా శాఖ ఏర్పడింది. ఏళ్ళ తరబడి అనుభవం, పాత సభ్యుల సిఫారసు ఉంటేగాని ఆ తాళంచెవులు పెట్టుకోనివ్వరు. దీనివల్ల మనకి ఒరిగేదేమిటంటే, పారిస్‌లో ఉన్నాయన వియన్నాలో ఉన్నాయనకి ఫోన్ చేసి మాట సాయం అడగగలడు. మన సంఘాలవాళ్ళం ఒక ఊరినుంచి ఇంకో ఊరికి వెళ్ళేటప్పుడు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటామే, అలాంటిదే.

ఈయన గదుల అద్దె వసూలు చేసే గుమాస్తా కాదు. ఆ పని పక్క కౌంటరుది. ఈయన పని మీకు ఆ ఊళ్ళో కావలసింది కనిపెట్టడం. టిక్కెట్లు, బండి, మంగలి, కళ్ళజోడు బాగుచేసేవాడు, విరిగిన సూట్‌కేసు చక్రం, ఏదైనా సరే. అడిగినందుకు హోటల్ బిల్లులో ఒక్క పైసా చేరదు. చిన్న మోటళ్ళలో ఇలాంటి మనిషి ఉండడు, కౌంటరు దగ్గర కూర్చున్నవారే తెలిసింది చెబుతారు.

మరి మనవాళ్ళకి ఎందుకీ సంకోచం? డబ్బుకి వెనకాడేవాళ్ళం కాదు. పెళ్ళికి వెళ్తే చదివింపులు ఎంత చదివించాలో మనకి ఎవరూ నేర్పనక్కరలేదు. పురోహితుడు గారికి తాంబూలంలో సంభావన పెట్టేటప్పుడు ధర అడగం, ఆయనా లెక్కపెట్టుకోరు. దసరాకి పోస్టుమాన్‌కి మామూలు ఇచ్చేవాళ్ళం, అదొక పండగ ముచ్చట. కానీ 'మామూలు' అన్న ఆ మాటకే ఇంకో మొహం ఉంది, దాన్ని చూస్తూ పెరిగాం. నేను హౌస్ సర్జన్‌గా పనిచేసిన ప్రభుత్వాసుపత్రిలో స్ట్రెచరు కదలాలంటే చేతిలో నోటు పడాలి. కాన్పుల వార్డులో మగపిల్లాడికి ఒక రేటు, ఆడపిల్లకి ఒక రేటు. అప్పుడే పుట్టిన బిడ్డని గుడ్డలో చుట్టి పట్టుకుని, రేటు తేలేదాకా తండ్రి చేతికివ్వని ఆయాని నేను కళ్ళారా చూశాను. అలాంటి చోటునుంచి వచ్చినవాళ్ళకి, కోటు వేసుకున్న పెద్దమనిషి చేతిలో మడతపెట్టిన నోటు పెట్టాలంటే చెయ్యి బిగుసుకుపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఇక మా నాన్నగారి సంగతి. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యారు. దస్తావేజుల ఆఫీసు గురించి తెలిసినవారికి ఇంక వివరించక్కరలేదు. అక్కడ ఆయన ఏనాడూ మామూలు ముట్టుకోలేదు. అందుకు బదిలీల రూపంలో బహుమానాలు అందుకున్నారు. నేను పదో తరగతి అయ్యేలోపు ఐదు బళ్ళు మారాను. దీపావళికి ఎవరో మిఠాయి డబ్బా పంపితే అమ్మ తీసుకుందని రెండు రోజులు అన్నం తినని మనిషి ఆయన.

2023లో అమ్మా నాన్నా మా దగ్గర ఐదు నెలలున్నారు. వాళ్ళని తిరిగి హైదరాబాదు చేర్చడానికి నేను కూడా బయలుదేరి, జూన్ నెలలో దారిలో నాలుగు రోజులు పారిస్‌లో ఆగాం. నాన్నగారి మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వవు. అమ్మ బయట గుడ్డు వాసన తగిలితేనే లేచిపోతుంది. మొదటి రోజే బల్ల దగ్గరకి వెళ్ళి ఈ రెండూ చెప్పాను. ఆయనకి అరవై ఏళ్ళుంటాయి, తాళంచెవులు ఉన్నాయి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నాన్నగారు ఎన్ని మెట్లు దిగగలరు? ఎక్కడం వేరు, దిగడం వేరు గదా" అని. మా ఊళ్ళో ఎముకల డాక్టర్లు కూడా అంత వివరంగా అడగరు. మెట్రో స్టేషన్లలో చాలావాటికి లిఫ్టు లేదనీ, 69వ నంబరు బస్సెక్కితే కూర్చున్నచోటునుంచే ఊరు కనబడుతుందనీ చెప్పారు. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసేస్తారు గనక సోమవారం వెళ్ళమన్నారు. గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ అనే పేటలో శ్రీలంక తమిళుల హోటళ్ళున్నాయని ఒక కాగితం మీద దారి గీసి, అందులో మాంసం వండని చోటేదో ఫోన్ చేసి కనుక్కుని దాని చుట్టూ సున్న చుట్టారు. ఆ మధ్యాహ్నం అమ్మ పారిస్‌లో ఇడ్లీ తిన్నది. ఇన్ని చెప్పించుకున్నందుకు సాయంత్రం పది యూరోల నోటిచ్చాను. ఆయన ధన్యవాదాలు చెప్పి, నోటు వంక చూడకుండా జేబులో పెట్టుకున్నారు. నాన్నగారు చూశారు. ఏమీ అనలేదు.

అనవలసిన సందర్భం మర్నాడు వచ్చింది. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. జూన్ గనక ఇంకా వెలుతురుంది, ఊరు మాత్రం మూసేసింది. భోజనానికి ముందు నాన్నగారు ఇన్సులిన్ కోసం గదిలోని చిన్న ఫ్రిజ్ తెరిస్తే రెండు సీసాలూ గడ్డకట్టి ఉన్నాయి. చల్లగా ఉండాలని అమ్మ వాటిని వెనక గోడకి ఆనించి పెట్టింది. కొన్ని ఫ్రిజ్‌లలో ఆ గోడ మీదే మంచు పడుతుంది. "కాసేపు బయటపెడితే కరుగుతుందిగా" అంది అమ్మ. కరుగుతుంది, కానీ పనికిరాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడవచ్చు, దాని శక్తిని మాత్రం నమ్మడానికి లేదు. పారెయ్యవలసిందే. చక్కెర చూస్తే 312 ఉంది.

ఇక్కడ నా పరిస్థితి ఆలోచించండి. నేను ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరుని. రోజూ పదిమందికి ఇదే మందు రాస్తాను. కానీ నా లైసెన్సు మా రాష్ట్రం పొలిమేర దాటితేనే చెల్లదు, అట్లాంటిక్ దాటితే చెల్లుతుందా? నా సంతకానికి ఆ ఊళ్ళో కాలేజీ కుర్రాడి సంతకానికున్న విలువే ఉంది. పైగా ఇంకో చిక్కు. ఇది ఇండియా నుంచి మందులు తెచ్చుకునే పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ తెలియవలసింది కనక కాస్త ఆగి చెబుతాను. మన దేశంలో సీసాలో అమ్మే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దానికి తగ్గ సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ దొరికేది సాధారణంగా మిల్లీలీటరుకి 100 యూనిట్లది. ఆ సిరంజి మూత నారింజ రంగు. 100 యూనిట్ల సీసా కొని, ఇంటినుంచి తెచ్చిన ఎర్ర మూత సిరంజితో 20 గీతదాకా లాగితే లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. రాత్రి నిద్రలోనే చక్కెర పడిపోయి మనిషి లేవకపోవచ్చు. అందుకని నాకు కావలసింది ఏదో ఒక ఇన్సులిన్ కాదు, అంకె తిప్పి ఎక్కించుకునే పెన్ను, దానికి సూదులు.

కిందికి వెళ్ళి ఆ పెద్దాయనకి చెప్పాను. ఆయన డ్యూటీ అయిపోయి కోటు విప్పుతున్నారు. మళ్ళీ వేసుకున్నారు. అక్కడ ఎస్ఓఎస్ మెద్‌సాఁ అని డాక్టర్లు ఇళ్ళకి వచ్చే సంస్థ ఉంది. 1966లో పారిస్‌లోనే ఒక డాక్టరు దాన్ని మొదలుపెట్టారు. రాత్రివేళ కుళాయి బాగుచేసేవాడు దొరుకుతాడు గాని వైద్యుడు దొరకడేమని. ఈయన వాళ్ళకి ఫోన్ చేశారు. ఊరికే చెయ్యడం కాదు, నేను చెప్పిన 40, 100 గొడవంతా ఫ్రెంచిలో అవతలివాళ్ళచేత తిరిగి చెప్పించుకున్నారు. గంటంపావులో డాక్టరమ్మ వచ్చి, నాన్నగారిని పరీక్ష చేసి, కీటోన్లు లేవని చూసి, పెన్నుకి చీటీ రాసింది. ఆదివారం రాత్రి ఏ మందుల షాపు తెరిచి ఉండాలన్నది అక్కడ వంతులవారీగా నిర్ణయిస్తారు. 32 37 అనే నంబరుకి చేస్తే చెబుతారు. ఈయన అప్పటికే అది చేసి, షాపులో ఆ పెన్ను సరుకు ఉందో లేదో కూడా అడిగి, టాక్సీ పిలిచి ఉంచారు. హోటల్ కుర్రాడు వెళ్ళి పన్నెండు కాకముందే మందు తెచ్చాడు. నాన్నగారు సూది వేసుకుని అప్పుడు అన్నం తిన్నారు. ఆ పెద్దాయన మరో అరగంట కింద కూర్చునే ఉన్నారు. నేను దిగివెళ్ళి, చక్కెర దిగుతోందని చెప్పాక లేచి ఇంటికి వెళ్ళారు. ఆయన ఇల్లు రైల్లో నలభై నిమిషాల దూరం.

మర్నాడు పొద్దున యాభై యూరోలు కవరులో పెట్టి, పైన ఆయన పేరు రాసి, చేతికిచ్చాను. టాక్సీలో వెళ్ళిన కుర్రాడికి పది. గదిలోకి రాగానే నాన్నగారు అడిగారు.

"ఎంతిచ్చావురా?"

చెప్పాను.

"అతనికి జీతం లేదా?"

"ఉంది నాన్నా. కానీ ఆయన డ్యూటీ దిగిపోయాక చేశారు. నేనిచ్చింది అంతా అయ్యాక. ఇస్తానని ముందు చెప్పలేదు, ఆయన అడగలేదు. లంచమైతే ముందు ఇవ్వాలిగా?"

నాన్నగారు నవ్వారు. "మా ఆఫీసులో పని అయ్యాక ఇచ్చేవాళ్ళే ఎక్కువరా. సంతోషంగా ఇస్తున్నామండీ అనేవారు. తీసుకున్న గుమాస్తాకి ఆ మొహం గుర్తుండేది. రెండోసారి వచ్చినప్పుడు అతని దస్తావేజు పైకి వచ్చేది, ఇవ్వని రైతుది అడుక్కి వెళ్ళేది. ముందా వెనకా అన్నది కాదు. ఇవ్వనివాడికి ఏమవుతుంది? అది చెప్పు."

ఆ ప్రశ్నకి నేను అప్పుడు చెప్పిన జవాబు, మొదటి రోజు మెట్ల సంగతి అడిగినప్పుడు ఆయనకి మనం ఒక్క సెంటు కూడా ఇచ్చి ఉండలేదని. నాన్నగారు ఊఁ అన్నారు. ఒప్పుకున్నట్టా కానట్టా తెలియదు. కానీ ఆ ప్రశ్న నాకు మంచి కొలబద్ద అయింది. అప్పటినుంచీ దానితోనే కొలుస్తున్నాను. అమెరికాలో కొన్ని ఊళ్ళలో గది తీసుకునేటప్పుడు క్రెడిట్ కార్డు కింద ఇరవై డాలర్ల నోటు మడిచిపెట్టి, మంచి గది ఏమైనా ఉందా అని అడగడం ఒక చమత్కారంగా చెప్పుకుంటారు. మనవాళ్ళలో కూడా కొందరు గొప్పగా చెబుతారు. నా దృష్టిలో అది అచ్చంగా దస్తావేజు పైకి రావడమే. ఆ గది ఇంకొకరికి రావలసిందై ఉండవచ్చు. నిండిపోయిన రెస్టారెంటులో బల్ల కోసం గుమ్మంలోవాడి చేతిలో పెట్టే నోటూ అంతే. నేనివ్వను. జరిగిన శ్రమకి తరవాత ఇచ్చేది వేరు. అది ఇవ్వకపోయినా రేపు ఆయన దారి చెబుతాడు.

అమెరికాలో ఈ టిప్పు చరిత్ర అంత ముచ్చటైనది కాదని కూడా తెలుసుకోవాలి. అంతర్యుద్ధం 1865లో ముగిశాక, పుల్‌మన్ రైలు పెట్టెల కంపెనీ విముక్తులైన నల్లవారిని పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం బొటాబొటీ, మిగతాది ప్రయాణికుల దయ. వాళ్ళు ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లో యూనియన్ పెట్టుకుని, పన్నెండేళ్ళు పోరాడి, 1937లో ఒప్పందం సాధించారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పులనే నిషేధిస్తూ చట్టం చేసింది. మరికొన్ని రాష్ట్రాలూ చేశాయి, 1926 నాటికి అన్నీ రద్దయ్యాయి. టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వవలసిన కనీస వేతనం, ఫెడరల్ చట్టం ప్రకారం, 1991 నుంచి గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. చాలా రాష్ట్రాలు అంతకంటే ఎక్కువ పెట్టాయి, కొన్ని పెట్టలేదు. కాబట్టి ఇక్కడ భోజనం వడ్డించిన అమ్మాయికి టిప్పు ఎగ్గొట్టడం అంటే ఆమె కూలి ఎగ్గొట్టడమే. కాన్సియర్జ్ సంగతి అలా కాదు, ఆయనకి మామూలు జీతమే ఉంటుంది. అందుకే ఈయనకి శాతాల లెక్క లేదు, శ్రమ లెక్క.

నేను పాటించే పద్ధతి చెబుతాను. దారి అడిగితే, మ్యాపు తీసుకుంటే, ఏమీ ఇవ్వక్కరలేదు, ఒక చిరునవ్వు చాలు. అమెరికాలో బల్ల బుక్ చేయిస్తే ఐదు డాలర్లు, నాలుగు ఫోన్లు చేస్తే పది, దొరకని టిక్కెట్టు సంపాదిస్తే ఇరవై. ఫ్రాన్సులో హోటళ్ళ, కాఫీ షాపుల బిల్లులోనే సర్వీసు కలిపి ఉంటుంది కనక అక్కడ తిండి దగ్గర ఇచ్చేది చిల్లరే. కాన్సియర్జ్‌కి మాత్రం పనిని బట్టి ఐదో పదో యూరోలు ఇస్తే మర్యాద. బ్రిటన్‌లో 2024 అక్టోబరు నుంచి టిప్పంతా ఉద్యోగులకే చేరాలని, యజమాని అందులో చెయ్యి పెట్టకూడదని చట్టం వచ్చింది. సింగపూర్‌లో చాలాచోట్ల పది శాతం బిల్లులోనే వేసేస్తారు, పైన ఎవరూ ఆశించరు. జపాన్‌లో అయితే జేబులో చెయ్యి పెట్టకండి. క్యోటోలో మా ఆవిడ ఒకావిడకి నోటు ఇవ్వబోతే, ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి వంగి వంగి క్షమాపణ చెప్పింది. మర్నాడు మా ఆవిడ సున్నుండల డబ్బా ఇస్తే రెండు చేతులతో అందుకుంది.

నాణేలు ఇవ్వకండి. నోట్లు చిన్నవి ముందే మార్చి పెట్టుకోండి, ఇప్పుడంతా కార్డుల రోజులు గదా, తీరా సమయానికి జేబులో వందనోటే ఉంటుంది. ఎవరు పని చేశారో వారి చేతికే ఇవ్వండి, పొద్దుట ఉన్నవారు సాయంత్రం ఉండరు. ఆఖరి రోజు దాకా ఆగితే ఆయన సెలవులో ఉండవచ్చు. అడిగేటప్పుడు మొహమాటపడి సగం దాచి అడగకండి. "మంచి రెస్టారెంటు చెప్పండి" అంటే ఆయన అందరికీ చెప్పేదే చెబుతాడు. "ఆరుగురం, ఇద్దరు డెబ్భై దాటినవారు, మాంసం, గుడ్డు పనికిరావు, ఏడున్నరకే తినాలి" అని చెబితే అప్పుడు ఆయన విద్య బయటపడుతుంది. కొందరికి టూరు కంపెనీల దగ్గర కమిషన్ ముడుతుందనేది కూడా నిజమే. ఖరీదైన బస్సు టూరు అంటగడుతున్నట్టు అనిపిస్తే, "మీ అమ్మగారు వస్తే ఏది చూపిస్తారు?" అని అడిగి చూడండి. నాకు ఇంతవరకూ బాగానే పనిచేసింది.

పారిస్ నుంచి దుబాయి వెళ్ళాం. విమానం మారడానికి అక్కడ ఒక రాత్రి ఆగాలి. హోటల్లో సామాను గదికి తెచ్చిన అబ్బాయికి మా మాటలు చెవిన పడ్డాయి.

"సార్, మీరు తెలుగోళ్ళా? మాది జగిత్యాల దిక్కు."

నాన్నగారి మొహం వికసించింది. మంచం మీద కూర్చుని అతన్ని కూర్చోమన్నారు. అతను కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంటికి వెళ్ళి రెండేళ్ళయిందట. ఇల్లు కట్టుకోవడానికి చేసిన అప్పు ఇంకా కొంత ఉందిట. నేను ఇరవై దిర్హములు తీసి ఇవ్వబోయాను.

"వద్దు సార్. మనోళ్ళ దగ్గర తీసుకుంటమా?"

వాళ్ళలో చాలామంది ఇలాగే అంటారు. అలాంటప్పుడు ఇంకోసారి బలవంతపెడితే నొచ్చుకుంటారు, జేబులో పెట్టేసుకుంటే మనకి నిద్రపట్టదు. నేను చేతిలో నోటు పట్టుకుని ఆలోచిస్తుంటే నాన్నగారు, "పిల్లలెంతమంది బాబూ?" అని అడిగారు.

"ఒక్క బిడ్డ సార్. ఐదో తరగతిల పడ్డది."

నాన్నగారు బనీను జేబులోంచి ఐదువందల రూపాయల నోటు తీశారు. "ఇది నీకు కాదు. బళ్ళు తెరిచారు గదా, అమ్మాయికి నోటుబుక్కులు కొని పెట్టమని ఇంటికి పంపించు" అన్నారు. అతను నోటు కళ్ళకద్దుకుని తీసుకున్నాడు.

తలుపు మూసుకున్నాక అమ్మ అడగనే అడిగింది, "మరి ఇదేమిటండీ?" అని.

"పిల్లకిచ్చానే. వాడికా?" అన్నారు నాన్నగారు, సూట్‌కేసు తాళం వెతుక్కుంటూ.

గుంటూరు చేరిన మూడో రోజున ఆయన నన్ను కాగితం, కలం పట్టుకుని కూర్చోమన్నారు. పారిస్ హోటల్ మేనేజరుకి ఉత్తరం రాయాలిట. "నువ్విచ్చిన డబ్బు అతను ఆ నెలలోనే ఖర్చుపెట్టేసి ఉంటాడు. అది ఏ లెక్కలోనూ ఉండదు. ఉత్తరమైతే ఫైల్లో ఉంటుంది. రేపు ప్రమోషనప్పుడు తీసి చూస్తారు" అన్నారు. అరవై దాటినాయనకి ప్రమోషనేమిటి నాన్నా అంటే వినలేదు. ముప్ఫై నాలుగేళ్ళ ఆఫీసు ఇంగ్లీషులో, తేదీతో, విషయం అన్న శీర్షికతో, ఒకటి రెండు మూడు అంకెలు వేసి చెప్పారు. డ్యూటీ ముగిసిన సమయం, ఫోన్ చేసిన సమయం, మందు వచ్చిన సమయం, అన్నీ నిమిషాలతో సహా ఆయనకి గుర్తున్నాయి. సంతకం చేసి, నకలు ఒకటి తీయించి, మూలన 'ఆఫీసు కాపీ' అని రాసి, దస్తావేజుల బీరువాలో పెట్టారు. రిజిస్టరు పోస్టులో పంపించారు.

రెండు నెలలకి జవాబు వచ్చింది. మూడే వాక్యాలు. మీ ఉత్తరం ఆ ఉద్యోగికి చదివి వినిపించామనీ, ఒక ప్రతి ఆయన సర్వీసు ఫైల్లో చేర్చామనీ. నాన్నగారు ఇండియాలో తెల్లవారుజామున నాకు ఫోన్ చేసి అది పూర్తిగా చదివారు. రెండో వాక్యం మళ్ళీ చదివారు.